కెమెరా కంటికి బొట్టు

ఉమాదేవి గారికి జోనల్ మేనేజరు పదవి రావలసింది. ఇవ్వలేదు. తప్పు కంపెనీది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

నా పేరు గంగాధరరావు. అమలాపురం నుంచి ముమ్మిడివరం వెళ్ళే దారిలో కాలేజీ బస్సులు పెట్టే షెడ్డు ఉంది. అందులో మెకానిక్కుని. మా ఊరి బళ్ళో పదో తరగతి దాకా చదివేను. రాయడం వచ్చు, అలంకారాలు రావు. మా కంపెనీ హైదరాబాదులో ఉంటుంది. కాలేజీలకి బస్సుల్నీ డ్రైవర్లనీ కలిపి అద్దెకిస్తుంది. దానికి రెండూ ఒకటే సరుకు. దాని పేరు రాసి నా సిరా పాడుచేసుకోను.

నా భార్య పార్వతి పోయాక నాకు మనుషులతో పని తగ్గిపోయింది. ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేరు. షెడ్డులో మాట్లాడబుద్ధి కాదు. నన్ను ముళ్ళకంప అంటారు. అననీ.

కెమెరాలు వచ్చినప్పుడు బిగించింది నేనే. ఒక్కో బస్సుకీ అరచేతిలో పట్టేంత నల్లపెట్టె. దానికి రెండు కళ్ళు. ఒకటి రోడ్డు వైపు, ఒకటి డ్రైవరు ముఖం వైపు. డ్రైవరు ఫోను ఎత్తితే కూస్తుంది. తల పక్కకి తిప్పితే కూస్తుంది. బ్రేకు గట్టిగా నొక్కితే మార్కులు కోస్తుంది. రెప్పలు వాలితే మాత్రం కూత కాదు, మాటే. లోపలనుంచి ఒక ఆడగొంతు, ‘నిద్ర వస్తోంది, జాగ్రత్త’ అంటుంది. ఇవన్నీ హైదరాబాదు వెళ్తాయి. మర్నాడు పొద్దున్న షెడ్డులో పెట్టిన టీవీ మీద డ్రైవర్ల పేర్లు వస్తాయి. బాగా నడిపినవాడి పేరు పచ్చగా, నడపనివాడిది ఎర్రగా.

యంత్రం అంటే నాకు పగ లేదు. ముత్యాలరాజు అనే డ్రైవరు ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఫోను పట్టుకుని, కాలవగట్టు మీద నలభైమంది పిల్లల్ని తీసుకెళ్ళేవాడు. ఎన్నిసార్లు తిట్టినా మానలేదు. పెట్టె కూసింది, మానేడు. ఆ మంచి నేను దాచను.

కానీ షెడ్డు మారిపోయింది. అదివరకు పొద్దున్నే టీ గ్లాసులు పట్టుకుని బస్సుల మధ్య కూర్చునేవారు. ముత్యాలరాజు ఎవరో ఒకర్ని అనుకరించేవాడు. ఎక్కువగా నన్నే. టీవీ వచ్చాక కూర్చోవడం పోయింది. వచ్చేవాడు వచ్చినట్టే టీవీ ముందు నిలబడి, తన పేరు ఏ రంగులో ఉందో చూసుకుని, పక్కవాడి ముఖం చూడకుండా బండెక్కేవాడు. పేరు పచ్చగా ఉన్నవాడూ నవ్వేవాడు కాదు. రేపు ఏమవుతుందో అని వాడి భయం వాడిది.

దండాల సంగతి చెప్పాలి. మా డ్రైవర్లకి దారిలో గుడి కనిపిస్తే చెయ్యి దానంతటదే స్టీరింగు వదిలి గుండె మీదకి వెళ్తుంది, తల గుడి వైపు తిరుగుతుంది. అమలాపురం నుంచి మురమళ్ళ దాకా ఊరికో అమ్మవారు రోడ్డు మీదే ఉంది. ఆఖర్న వీరేశ్వరస్వామి ఉన్నారు. పెట్టె ప్రతి గుడి దగ్గరా కూసింది. మొదటి వారం అందరికీ దేవుళ్ళ దగ్గరే మార్కులు పోయేయి. ‘దణ్ణం పెడితే అమ్మవారికి అందుతోందో లేదో గానీ, హైదరాబాదుకి మాత్రం వెంటనే అందుతోందండి’ అన్నాడు ముత్యాలరాజు. అప్పటికి ఇంకా నవ్వేరు. తరవాత దండాలు మానేరు. మానినవాళ్ళు గుడి దాటేక ఒక మైలు దాకా ఏదో పోగొట్టుకున్నట్టు నడిపేవారు. అదీ మంచి నడక కాదు.

అందరికన్నా నలిగిపోయింది సింహాద్రి. షెడ్డులో పెద్దవాడు. వయసులో నాకన్నా పెద్దవాడే, అయినా నన్ను బావా అని పిలుస్తాడు. చుట్టరికం ఏమీ లేదు. పుట్టినప్పటినుంచీ అతని రెప్పలు సగం వాలి ఉంటాయి. పెళ్ళిపీటల మీద పెళ్ళికొడుకు నిద్రపోతున్నాడనుకుని ఏడిచేనని అతని భార్య మహాలక్ష్మమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆ కళ్ళతోనే ఇన్నేళ్ళూ ఒక కోడిపిల్లని కూడా తగలకుండా నడిపేడు. పెట్టెకి ఆ సంగతి తెలీదు. అతను సీట్లో కూర్చున్న దగ్గరనుంచీ ‘నిద్ర వస్తోంది, జాగ్రత్త’ అంటూనే ఉండేది. బస్సులో పిల్లలు ఆ గొంతుతో శ్రుతి కలిపేవారు. టీవీలో అతని పేరు రోజూ అట్టడుగున, ఎర్రగా.

అతను ఏం చేసేడంటే, కనుబొమలు నెత్తికి ఎక్కించి, కళ్ళు చింపుకుని నడపడం మొదలుపెట్టేడు. మధ్యాహ్నానికి కళ్ళు ఎర్రబడేవి. సాయంత్రానికి తలనొప్పి. క్యారేజీ విప్పకుండానే ఇంటికి తీసుకెళ్ళేవాడు. ఇంట్లో నిద్ర పట్టేది కాదట, రేపటి మార్కులు తలుచుకుని. నిద్ర లేక నిజంగానే ఆవలించేవాడు. పెట్టె ఈసారి నిజమే చెప్పేది. ఆ తరవాత కొబ్బరికాయల లారీకి దారి ఇవ్వబోయి అద్దం విరగ్గొట్టేడు, బస్సు పక్క రేకు గీసేడు. అతని చేతుల మీద మొదటి సొట్ట అది. దాన్ని తీసింది నేనే. నేను రేకు కొడుతున్నంతసేపూ పక్కన నిలబడి చూసేడు. ఇలాగే ఎర్రగా ఉంటే ఆ డ్రైవర్ని తీసెయ్యమని హైదరాబాదు నుంచి మాట వచ్చింది.

ఉమాదేవి గారు షెడ్డుకి ఇన్‌చార్జిగా వచ్చింది ఆ రోజుల్లోనే. వాళ్ళది కొత్తపేట. కాకినాడలో చదువుకున్నారు. డ్రైవర్ల మార్కులు చూసి, తగ్గినవాళ్ళని పిలిచి మాట్లాడటం ఆవిడ పని. నాకు నచ్చలేదు. బస్సు టైరు మార్చడం ఎలాగో తెలియని మనిషి బస్సు నడిపేవాడికి పాఠం చెప్పడం ఏమిటని. మొదట్లో ఆవిడా కంపెనీ చెప్పినట్టే చేసేరు. సింహాద్రిని పిలిచి, ఇంట్లో నిద్ర పోవట్లేదా అని అడిగేరు. అతను ఆయ్ అన్నాడు. వేళకి పడుకోమని చెప్పి పంపేరు.

ఒకరోజు నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు. నేను బస్సు కింద ఉన్నాను. బయటికి రాలేదు. ఆవిడే వంగి అడిగేరు.

“గంగాధరం గారూ, మార్కులు తగ్గినవాళ్ళని పిలిచి మాట్లాడుతున్నాను కదండీ. మర్నాడు ఇంకా తగ్గుతున్నాయి. ఎందుకంటారు?”

“బండి సంగతి అడగండి, చెబుతాను. మనుషుల సంగతి నాకు తెలీదండి.”

“నాకూ తెలీదండీ. అందుకే అడిగేను.”

తెలీదని ఒప్పుకున్న ఇన్‌చార్జిని నేను అదివరకు చూడలేదు. అయినా స్పానరు తిప్పుకుంటూ ఉండిపోయేను. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. మర్నాడు పొద్దున్న బస్సులు బయల్దేరేవేళకి వచ్చి, ముత్యాలరాజు బండెక్కి డ్రైవరు పక్కన బానెట్ మీద కూర్చున్నారు. ఆ మర్నాడు ఇంకో బండి. బానెట్ వేడి ఎలా ఉంటుందో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. వాన పడినా మానలేదు. కాగితం తీసుకెళ్ళేవారు కాదు. ఊరికే కూర్చుని చూసేవారు. ఆఫీసు మనిషి డ్రైవరు పక్కన కూర్చోవడం ఈ కంపెనీలో అదే మొదలు.

అన్ని బళ్ళూ ఎక్కేక ఆవిడ చేసిన మొదటి పని, టీవీ తీగ పీకెయ్యమని నాతో చెప్పడం. హైదరాబాదు వాళ్ళు ఫోను చేసి టీవీ ఎందుకు రావట్లేదన్నారు. కాలిపోయిందనో, కరెంటు లేదనో చెప్పొచ్చు. ఆవిడ, నేనే తీయించేనండి, దాన్ని చూసి బండెక్కిన మనిషి సరిగ్గా నడపలేడు, అన్నారు. మార్కులు ఎవరివి వాళ్ళకే చెప్పేవారు. అదీ టీ తాగేక, పక్కన ఎవరూ లేకుండా. ముందు బాగా చేసింది చెప్పేవారు.

దండాల సంగతి కూడా తేల్చేరు. మానమనలేదు, పెట్టమనలేదు. పిల్లలు ఎక్కే స్టాపులు ఎక్కడెక్కడున్నాయో చూసుకుని, వీలైన చోటల్లా నాలుగడుగులు ముందుకో వెనక్కో జరిపి గుడి ఎదురుగా పెట్టేరు. బండి ఆగుతుంది. పిల్లలు ఎక్కుతారు. డ్రైవరు దణ్ణం పెట్టుకుంటాడు. ఆగిన బండిలో పెట్టె కూయదు. మురమళ్ళ ఒక్కచోటే కుదరలేదు. అక్కడ మెయిన్ రోడ్డు మీద బస్సు ఆపే వీలు లేదు. అది తప్ప అందరు దేవుళ్ళూ దారికొచ్చేరు. ఇంత చిన్న పని ఇన్నాళ్ళూ ఎవరికీ తోచలేదు. నాక్కూడా.

షెడ్డులో మళ్ళీ టీ గ్లాసుల చప్పుడు వచ్చింది. మార్కులు పెరిగేయి. సింహాద్రికి తప్ప. ఆవిడ అతని పక్కన కూర్చుని చూసి, ఇది నిద్ర కాదు, కళ్ళ తీరు అని హైదరాబాదుకి రాసేరు. యంత్రం అందర్నీ ఒకేలా కొలుస్తుందని జవాబొచ్చింది. మళ్ళీ రాసేరు. మళ్ళీ అదే వచ్చింది. ఇంకా రాస్తూనే ఉన్నారు. సింహాద్రికి ఆవిడ ఇదంతా చెప్పేరు గానీ అతనికి నమ్మకం కలగలేదు. పెట్టెకి తన మీద కోపం వచ్చిందని అతని లెక్క.

ఆ దినాల్లో పైనుంచి ఒక ఆర్డరు వచ్చింది. ఉద్యోగులు దిగులుగా ఉంటున్నారట, నెలకో కార్యక్రమం పెట్టి హుషారు చెయ్యాలట, ఫోటోలు తీసి పంపాలట. మొదటి నెల వాళ్ళే బెలూన్లు పంపేరు. మీసాలున్న డ్రైవర్లు బెలూన్లు ఊది పగలగొట్టేరు. ముత్యాలరాజుది ముందు పేలింది, వాడికి ప్లాస్టిక్ డబ్బా ఇచ్చేరు. చూడలేక నేను బయటికి వెళ్ళిపోయేను.

తరవాతి నెల దసరా. ఉమాదేవి గారు, ఇదివరకు ఇక్కడ ఏం చేసేవారు అని అడిగేరట. ఆయుధపూజ చేసేవాళ్ళమని, గంగాధరం గారి భార్య పళ్ళెంతో వచ్చి అన్ని బళ్ళకీ బొట్లు పెట్టేదని, ఆవిడ పోయేక మానేశామని చెప్పేరు. ఉమాదేవి గారు నా దగ్గరికి వచ్చి, మీకు కష్టంగా ఉంటే వద్దండీ అన్నారు. బస్సులు నావి కావు, దసరా నాది కాదు అన్నాను. అది ఒప్పుకోవడమే అని ఆవిడకి అర్థమయింది. నా మాటలోంచి మంచి అర్థం తీసే మనిషి పార్వతి తరవాత ఆవిడే.

పూజ బాగా జరిగింది. బళ్ళు కడిగేరు. అరటిపిలకలు కట్టేరు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేరు. ఎవరి బండికి వాళ్ళే బొట్టు పెట్టుకోండని ఉమాదేవి గారు పళ్ళెం ఇచ్చేరు. కెమెరా పెట్టెల దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ చెయ్యి ముందుకి రాలేదు. దాన్ని తిట్టుకున్నారు కదా, ఇప్పుడు బొట్టు పెట్టాలంటే మొహమాటం. పెద్దవాడివి నువ్వు పెట్టు అని పళ్ళెం సింహాద్రికిచ్చేరు. ఉమాదేవి గారు అందరికీ వినపడేలా, పెట్టె పైభాగాన పెట్టండి, అద్దం మీద పడకుండా చూడండి అన్నారు. ఆ మాట నేను విన్నాను. తరవాత ఆవిడ ప్రసాదం పంచడానికి వెళ్ళేరు.

సింహాద్రి ఒక్కో బండీ ఎక్కేడు. చిక్కగా తీసిన గంధం, దాని మీద కుంకుమ, సరిగ్గా ఆ లోపలి కంటి మీదే పెట్టేడు. దేవుడికయితే బొట్టు నుదుట పెడతారు. దీనికి నుదురేది, కన్నే ఉంది. అదీ అతని బుర్ర. ప్రతి బండిలోనూ చేతులు జోడించి, ‘నా మీద కోపం తగ్గించుకో తల్లీ’ అన్నాడట. లోపల మాట్లాడేది ఆడమనిషి కదా. ఆ మాట ముత్యాలరాజు చెవులారా విన్నాడు.

సెలవలయ్యేక బస్సులు తీసేరు. గంధం ఎండి సున్నంలా పట్టేసింది. పూజ బొట్టుని మావాళ్ళు చేత్తో తుడవరు. దానంతటదే రాలాలి. పెట్టెలు మూగబోయేయి. తల్లి శాంతించింది అన్నాడు ముత్యాలరాజు. సింహాద్రి ఆ రోజు కనుబొమలు దించి నడిపేడు. క్యారేజీ ఖాళీ చేసేడు.

హైదరాబాదులో మాత్రం గగ్గోలు. అమలాపురం షెడ్డులో అన్ని కెమెరాలకీ ఒకేసారి కళ్ళు పోయేయంటే అది సమ్మెకి ముందు మాట అనుకున్నారు. మర్నాడు కృష్ణమోహన్ గారు దిగేరు. జోన్లన్నిటికీ పైవాడు. మెల్లిగా మాట్లాడే మనిషి. అరిచేవాడయితే నయం.

ఆఫీసు గదిలో ఆయన, ఉమాదేవి గారు. పెట్టెలు చెడ్డాయా లేదా చెప్పడానికి నన్ను పిలిచేరు. చెడలేదు, తడిగుడ్డతో పోతుంది అని చెప్పేను. డ్రైవర్లు వరండాలో నిలబడ్డారు. సింహాద్రి గుమ్మం పక్కనే ఉన్నాడు. ఉమాదేవి గారు పూజ సంగతి చెప్పేరు. ఆయన పూర్తిగా విన్నారు.

“దసరా నాకూ తెలుసండి. నేనూ మా కారుకి బొట్టు పెడతాను. అద్దం మీద పెట్టను. ఒక్క బండికయితే పొరపాటంటాను. అన్ని బళ్ళకీ, అదే చోట, అదే సైజులో. ఎవరు పెట్టేరు?”

ఆయన ఇంకొకటి చెప్పేరు. పెట్టినవాడి పేరు రాస్తే వాడొక్కణ్ణే తీసేస్తారు. రాయకపోతే ఇన్‌చార్జి పేరు రాస్తారు. ఉమాదేవి గారిని జోనల్ మేనేజరు చెయ్యాలని ఆయనే సిఫారసు చేసేరట. ఆ కాగితం ఇంకా ఆయన బల్ల మీదే ఉందట. ఆలోచించుకోండి అన్నారు.

నేను సింహాద్రి వైపు చూసేను. వరండాలో అందరూ అతని వైపే చూస్తున్నారు. అతను తన చెప్పులు చూసుకుంటున్నాడు. ఒక్క మాట చాలు. నేనేనండి, తెలీక పెట్టేనండి. రాలేదు.

“నా పేరు రాయండి,” అన్నారు ఉమాదేవి గారు. “పూజ పెట్టమన్నది నేను. పళ్ళెం ఇచ్చింది నేను. బొట్టు ఎక్కడ పడుతోందో దగ్గరుండి చూడకుండా వెళ్ళిపోయింది కూడా నేనే.”

“పెట్టింది మీరు కాదని నాకు తెలుసు.”

“ఆయ్, తెలియనివ్వండి. రాసేది మాత్రం నా పేరేనండి.”

“జోనల్ పోస్టు పోతుంది.”

“అది మీ చేతిలో ఉంది. నేను అడిగేది వేరేనండి. మీరు రేపు పొద్దున్న వెళ్ళిపోకండి. సింహాద్రి గారి బండెక్కి ఒక్క ట్రిప్పు తిరగండి. తిరిగేక కూడా ఆయన పేరు ఎర్రగా ఉండాలనిపిస్తే ఉంచండి.”

గొంతు పెంచలేదు, బతిమాలలేదు. టీకి పిలిచినట్టు పిలిచేరు. ఆయన సరే అన్నారు.

మర్నాడు నన్నూ ఎక్కమన్నారు. పెట్టె కన్ను నేనే కడిగేను. బండి తీసే ముందు ఉమాదేవి గారు సింహాద్రితో, రెప్పలు ఎత్తొద్దండీ, మీ కళ్ళు ఎలా ఉంటే అలాగే నడపండి అన్నారు. అతను తల ఊపేడు. కృష్ణమోహన్ గారు బానెట్ మీద కూర్చున్నారు. ఇస్త్రీ ప్యాంటు. వేడికి రెండుసార్లు లేచి మళ్ళీ కూర్చున్నారు.

షెడ్డు గేటు దాటకుండానే మొదలయింది. ‘నిద్ర వస్తోంది, జాగ్రత్త.’ ఆయన ఉలిక్కిపడి సింహాద్రి ముఖంలోకి చూసేరు. సింహాద్రి ఎదురుగా వస్తున్న గడ్డిమోపుల ట్రాక్టరుకి దారి ఇస్తున్నాడు. ‘నిద్ర వస్తోంది, జాగ్రత్త.’ రెండు స్టాపుల్లో పిల్లలు ఎక్కేక, ముందు వంపులో బాతుల మందని కాలవలోంచి రోడ్డెక్కిస్తున్నారు. మాకెవరికీ కనపడకముందే సింహాద్రి కాలు బ్రేకు మీదకి వెళ్ళింది. బండి ఎంత మెత్తగా ఆగిందంటే నిలబడ్డ పిల్లలు కడ్డీ కూడా పట్టుకోలేదు. బాతులు దాటేయి. బాతుల మనిషి చెయ్యి ఊపేడు. ‘నిద్ర వస్తోంది, జాగ్రత్త.’ కృష్ణమోహన్ గారు లేచి, వంగి, సింహాద్రి కళ్ళకి పక్కనుంచి చూసేరు. తరవాత తన కళ్ళు అద్దంలో చూసుకున్నారు. ముమ్మిడివరం దాటేసరికి ఆ గొంతు వినపడ్డప్పుడల్లా ఆయన ముఖం చిట్లిస్తున్నారు. ఒక్క పొద్దు విన్నందుకే అలా ఉంది. సింహాద్రి నెలల తరబడి విన్నాడు.

మురమళ్ళ వచ్చింది. పిల్లలు గుడి వైపు చేతులు ఎత్తి కళ్ళు మూసుకున్నారు. ఉమాదేవి గారూ అంతే. కృష్ణమోహన్ గారు బానెట్ మీదే రెండు చేతులూ జోడించి, కళ్ళు గట్టిగా మూసుకున్నారు. బండి మెయిన్ రోడ్డు మీద వేగంగానే ఉంది. ఆ క్షణాన బస్సులో కళ్ళు తెరుచుకుని ఉన్నవాళ్ళం ఇద్దరమే, సింహాద్రీ నేనూ. నాకు దేవుడితో పని పోయి చాలా కాలమయింది. సింహాద్రికి ఉంది. అయినా చెయ్యి స్టీరింగు వదల్లేదు, చూపు రోడ్డు వదల్లేదు.

కృష్ణమోహన్ గారు కళ్ళు తెరిచి ముందు చూసింది అతన్నే. ఉమాదేవి గారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. చూసేరా అని అడగలేదు. నేనయితే అడిగేవాణ్ణి. పదిసార్లు అడిగేవాణ్ణి. ఆవిడకీ నాకూ తేడా అదే.

సింహాద్రి ఉద్యోగం నిలబడింది. వారం తిరక్కుండా ఎవరో కుర్రవాళ్ళు వచ్చి అతని కళ్ళని విడిగా కొలిచి పెట్టెలో ఎక్కించేరు. కూత ఆగింది. అతని పేరు పచ్చబడింది. కొన్నాళ్ళకి అన్ని ఊళ్ళ షెడ్లలోనూ టీవీలు తీసేశారు. అది హైదరాబాదులో ఎవరో పెద్దమనిషి కనిపెట్టిన కొత్త పద్ధతని చెప్పుకున్నారు. ఆ పెద్దమనిషికి సన్మానం కూడా చేసేరట.

కెమెరాల సంగతికి మాత్రం ఒక పేరు కావాలి. ఆవిడ ఇచ్చిన పేరే రాసేరు. కృష్ణమోహన్ గారు అన్నీ కళ్ళారా చూసి కూడా రాసేరు. జోనల్ పదవి ఇంకొకడికి వెళ్ళింది. వాడు బానెట్ మీద ఎప్పుడూ కూర్చోలేదు. ఉమాదేవి గారిని వైజాగు ఆఫీసులో ఫోన్లు ఎత్తే పనికి వేశారు. ఆవిడ వెళ్ళలేదు, మానేశారు.

ఆ మాట తెలిసిన రోజు నేను హైదరాబాదుకి ఉత్తరం రాస్తానని షెడ్డులో అన్నాను. బొట్టు పెట్టింది ఎవరో, ఆవిడ వద్దని చెప్పింది ఎవరెవరు విన్నారో అంతా రాస్తానన్నాను. మర్నాడు ఆవిడ తన సామాను తీసుకోవడానికి వచ్చి, తిన్నగా నా దగ్గరికి వచ్చేరు.

“ఉత్తరం రాస్తున్నారటండీ.”

“రాస్తానండి. మీ పేరు అన్యాయంగా పోయింది.”

“పోలేదండీ. నేనిచ్చేను. మీరు రాస్తే ఏమవుతుంది చెప్పండి. సింహాద్రి గారిని బండి దింపేస్తారు. నాకు పోస్టు తిరిగి రాదు. అప్పుడు ఇద్దరం పోతాం.”

“నోరు విప్పలేదు కదండీ వాడు. మీరు అతని కోసం అంత చేస్తే.”

“భయపడ్డారు. అన్నాళ్ళు రోజూ భయపెట్టి, ఒక్కరోజు ధైర్యంగా మాట్లాడమంటే మాట రాదండీ. వచ్చిన కొత్తలో నేను కూడా పిలిచి భయపెట్టేను కదా.”

నేను ఒప్పుకోలేదు. భయం అందరికీ ఉంటుంది. ఆవిడకీ ఉండే ఉంటుంది. ఆ సంగతే చెప్పేను. ఆవిడ నవ్వేరు.

“సరే, మీరు ఆయన్ని క్షమించకండి. అది మీ ఇష్టం. ఆయన బండి దిగేదాకా మాత్రం ఎవరికీ చెప్పనని మాటివ్వండి. నాకోసం.”

ఇచ్చేను. నేను మాటివ్వడం అరుదు. ఆవిడకి ఇవ్వకుండా ఉండలేకపోయేను. చదువుకున్నవాళ్ళని చాలామందిని చూసేను, పదవుల్లో ఉన్నవాళ్ళని చూసేను. తన చేతికందే దాన్ని వదిలేసి, వదిలేశానని ఎవరికీ తెలియకూడదని అడిగిన మనిషిని ఆవిడనే చూసేను. ఇప్పుడు రాజోలు వైపు ఏదో బడిలో బస్సుల పని చూస్తున్నారని విన్నాను. ఆ డ్రైవర్లకి తాము ఎంత అదృష్టవంతులో తెలీదు.

ఈ వేసవిలో సింహాద్రి రిటైరయ్యేడు. షెడ్డులో దండ వేసేరు. ఉత్తమ డ్రైవరని కంపెనీ షీల్డు పంపింది. మహాలక్ష్మమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. సింహాద్రి మైకు పట్టుకుని కంపెనీకి దణ్ణం పెట్టేడు, కాలేజీకి పెట్టేడు, తోటివాళ్ళకి పెట్టేడు. ఉమాదేవి గారి పేరు ఎత్తలేదు. అందరూ వెళ్ళేక మిఠాయి పొట్లం పట్టుకుని నా దగ్గరికి వచ్చేడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

“బావా, ఆ రోజు నోరు రాలేదు. ఇప్పుడు ఆవిడ దగ్గరికి వెళ్ళి చెప్పాలనుంది. ఒక్కణ్ణీ వెళ్ళలేను. నువ్వు కూడా రా.”

“ఒక్కడివే వెళ్ళు,” అన్నాను.

పొట్లం నా పనిముట్ల పక్కన పెట్టి వెళ్ళిపోయేడు. తరవాత వెళ్ళేడో లేదో నేను అడగలేదు. అడగను. ఆవిడ క్షమించేరు. అది ఆవిడ గొప్పతనం. నాకు అంత గొప్పతనం లేదు, రావాలనీ లేదు.

అతను బండి దిగిపోయేడు కాబట్టి నేనిచ్చిన మాట తీరిపోయింది. అందుకని ఒక్కసారి రాసేను. షెడ్డులోకి కొత్తగా వచ్చినవాళ్ళు, ఉమాదేవి గారు ఎందుకు వెళ్ళిపోయేరు అని నన్ను అడుగుతున్నారు. ఇది చదువుకోమనండి. చదివేక కూడా నా దగ్గరికి రావద్దు. ఆ పూజ గురించీ, ఆ గదిలో ఎవరు ఎటు చూసేరన్న దాని గురించీ నేను ఇంకెప్పుడూ, ఎవరితోనూ మాట్లాడను.